భయాల పట్టిక

ఏ పనైనా గళ్ళు గీసి మొదలుపెట్టడం నాకు ఉద్యోగం అంటించిన జబ్బు. పెళ్ళినాటికి కూరగాయలకు చీటీ కూడా రాసుకోని మనిషిని, మాదాపూర్‌లో పనిలో చేరిన రెండేళ్ళకి దుప్పట్లు ఉతికే రోజులకు కూడా పట్టిక వేసే స్థితికి వచ్చాను. తొంభైల చివరి రోజులవి. రెండువేల సంవత్సరం రాగానే పాత కంప్యూటర్ ప్రోగ్రాములు తేదీల దగ్గర తికమకపడి ఆగిపోతాయని అందరూ కంగారుపడుతున్న కాలం. మా ఆఫీసులో పని అదే. ఎక్కడెక్కడివో పాత ప్రోగ్రాములు మా దగ్గరికి వచ్చేవి. ఒక్కొక్కదాన్నీ పరీక్షించి, ఇది దాటుతుంది, ఇది దాటదు అని రాయాలి. ఏ గడిలో ఏం రాసినా దాని పక్కన 'ఆధారం' అని ఇంకో గడి ఉండేది. ఎవరు చెప్పారు, ఎవరు పరీక్షించి చూశారు అన్నది అందులో రాయాలి. ఆ గడి ఖాళీగా ఉంటే కాగితాన్ని చదవకుండానే వెనక్కి పంపేసేదాన్ని. నా కింద పనిచేసేవాళ్ళు వెనకాల నన్నేమనుకునేవారో నాకు తెలుసు. పట్టించుకోలేదు.

మేము హఫీజ్‌పేట్‌లో, రైలు స్టేషన్‌కి దగ్గర్లో కిరాయికి ఉండేవాళ్ళం. మాది పై వాటా. మా ఆయనది సర్కారు ఉద్యోగం. అమ్మాయికి పదకొండేళ్ళు, అబ్బాయికి ఏడు. కింది వాటాలో దవాఖానాలో నర్సుగా పనిచేసే ఒకావిడ, ఆవిడ భర్త, తొమ్మిదేళ్ళ కొడుకు ఉండేవారు. కాలనీలో అందరూ ఆవిడను సిస్టర్ అనే పిలిచేవారు. నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడ నన్ను అక్కా అనేది, వయసులో నాకంటే రెండేళ్ళు పెద్దదైనా.

ఆ వేసవిలో పిల్లలను ఊరి బయట కొత్తగా పెట్టిన ఆటల పార్కుకు తీసుకువెళ్తానని మాటిచ్చాను. సిస్టర్‌కి ఆ ఆదివారం డ్యూటీ పడింది. వాళ్ళబ్బాయిని కూడా మాతోనే పంపుతానంది. పిల్లలు ముగ్గురు, పెద్దవాళ్ళం ఇద్దరం, ఉన్నది ఒక్క పగలు. ఒకడు ఎక్కుతానన్నది ఇంకొకరు ఎక్కనంటారు, ఒకరికి కళ్ళు తిరుగుతాయి, ఒకరు ఏడుస్తారు. ఇంతకుముందు అలా వెళ్ళొచ్చిన మా ఆఫీసాయన ఒకరు, రోజంతా ఇద్దరు పిల్లల మధ్య పరుగెత్తి ఒక్క ఆటా పూర్తిగా చూడలేదని చెప్పారు. అది విన్నాక నేను ఊరుకుంటానా. ఆయన దగ్గర పార్కు బొమ్మ ఉన్న కాగితం తీసుకుని, మధ్యాహ్నం భోజనం మానేసి పట్టిక తయారుచేశాను.

ఎడమవైపు ఆటలు: బొమ్మరైలు, డ్యాషింగ్ కార్లు, జెయింట్ వీల్, కొలంబస్ ఓడ, రోలర్ కోస్టర్, నీళ్ళ జారుడుబల్ల. పైన పిల్లలు. సున్నా అంటే అసలు ఎక్కించకూడదు. ఒకటి అంటే పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. రెండు అంటే ఇంకో పిల్ల తోడుంటే చాలు. మూడు అంటే ఒక్కరే వెళ్ళగలరు. అంకెలు తెలిస్తే ఎవరు ఏ గంటలో ఎక్కడుండాలో లెక్క తేలిపోతుంది. ఆఫీసు ప్రింటర్ మీద అచ్చు తీసి, చిల్లుల అంచులు చింపి ఇంటికి తెచ్చాను.

అబ్బాయిని అడిగితే అన్నిటికీ మూడు అన్నాడు. పార్కులో మరుగుదొడ్డికి కూడా మూడు వేయమన్నాడు. వాడి మాట నమ్మలేక రోలర్ కోస్టర్‌కి ఒకటి వేశాను. సిస్టర్ గారబ్బాయి తీరు వేరు. పట్టిక ముందు పెట్టుకుని ఒక్కో ఆట గురించి విచారించాడు. "మధ్యల ఆపమంటే ఆపుతరా ఆంటీ?" అన్నాడు. ఆపరేమో అన్నాను. "గట్లయితే ఒకటి రాయిన్రి" అన్నాడు. సాయంత్రం వాళ్ళమ్మ దాన్ని సరిదిద్దింది. "వానికి గుండ్రంగ తిరిగేది ఒద్దక్కా, కక్కుతడు. ముందుకెన్కకు ఊగేది ఏం గాదు. బస్సుల కిటికీ పక్కన కూసోపెట్టి నిమ్మకాయ చేతికియ్యి." ఇంత స్పష్టంగా చెప్పేవాళ్ళు మా ఆఫీసులో ఒక్కరుంటే నాకు సగం పని తగ్గేది.

మెట్ల మీద నిలబడే ఆవిడ కాగితమంతా చూసింది. మా అమ్మాయి వరసలో బొమ్మరైలు తప్ప అన్నీ సున్నాలు.

"పాపను అడిగినవా?"

"అడిగేదేముందండీ. దానికి భయమని అందరికీ తెలుసు."

"తెలుసు అంటే ఎవరు చెప్పిన్రు?"

ఎగ్జిబిషన్ కథ చెప్పాను. మా ఇంటికొచ్చినవాళ్ళందరూ విన్న కథే. మూడేళ్ళ కిందట నలుగురం ఎగ్జిబిషన్‌కి వెళ్ళాం. జెయింట్ వీల్ చెక్కమెట్ల దాకా వెళ్ళాక, ఎనిమిదేళ్ళ అమ్మాయి అక్కడే చతికిలబడి, భయం, నేనెక్కను అని ఏడుపు లంకించుకుంది. వెనక జనం అరుస్తున్నారు. చివరికి మా ఆయన నాలుగేళ్ళవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎక్కారు, నేను అమ్మాయితో కిందే ఉండిపోయి మిరపకాయ బజ్జీలు తిన్నాను. ఆ రోజు నుంచి ఇంట్లో దాని పేరు పిరికిది. తిట్టుగా కాదు, ముద్దుగానే. మా ఆడపడుచు ఫోన్ చేసినా "పిరికిది ఎలా ఉంది" అనే అడిగేది. దానికి సైకిల్ కొనలేదు, ఎలాగూ తొక్కదని. తమ్ముడికి ఆరో ఏటే కొన్నాం. బళ్ళో ఈత నేర్పిస్తామని కాగితం వస్తే మేమే వద్దని రాసిచ్చాం. అది కూడా ఏ రోజూ గొడవ చేయలేదు. నవ్వేసి ఊరుకునేది.

సిస్టర్ అంతా విని కాగితం నా చేతికిచ్చింది. "మా దగ్గర పేషెంట్ పక్కనున్నోళ్ళు చెప్పింది వేరే రాస్తం, పేషెంట్ చెప్పింది వేరే రాస్తం. ఒకదాంట్ల ఇంకోటి కలిపితే డాక్టర్ తిడతడు. జర పిల్లను అడుగక్కా."

నాకు కోపం వచ్చింది. నా పని ఇంకొకరు తప్పుపడితే నాకు కోపం రావడం మామూలే. పైకి వచ్చి గిన్నెలు గట్టిగా సర్దాను. కానీ ఆవిడన్నది సబబే. మూడేళ్ళ నాటి ఒక్క సంఘటన తప్ప ఆ సున్నాలకు ఆధారం లేదు. ఆఫీసులో ఎవరైనా అలాంటి కాగితం ఇచ్చి ఉంటే మొహాన కొట్టేదాన్ని.

మర్నాడు అమ్మాయి కొత్త పుస్తకాలకు అట్టలు వేసుకుంటుంటే పక్కన కూర్చుని కాగితం ముందు పెట్టాను.

"నీ వరస చూడు. మార్చాల్సింది ఉంటే చెప్పు."

చూసింది. "సున్నాలేగా. ఉండనీ."

"నిజంగా నీకంత భయమా?"

కత్తెర పక్కన పెట్టింది. "నేను ఎక్కితే నీ దగ్గర ఎవరుంటారు?"

"నా దగ్గర ఎవరో ఉండటమేమిటే?"

"నీకు భయం కదమ్మా."

పాఠం ఒప్పచెప్పినట్టు మామూలుగా చెప్పింది. ఎగ్జిబిషన్‌లో నాన్న టిక్కెట్లు కొనేశారట. నేను నవ్వుతూ ఎక్కుదాం, ఎక్కుదాం అంటున్నానట, కానీ నా చెయ్యి చల్లబడిపోయి, దాని వేళ్ళు నలిపేస్తున్నానట. తను భయమంటే నేను తనతోపాటు ఆగిపోవచ్చు కదా అని అలా చేసిందట. "ఏడుపు మొదట రాలేదు. తర్వాత వచ్చేసింది" అని, మళ్ళీ కత్తెర తీసుకుంది.

నేను లేచి వెళ్ళి పొయ్యి మీద ఏమీ లేకపోయినా చూసి వచ్చాను.

నాకు ఎత్తు అంటే భయం. చిన్నప్పటి నుంచీ ఉంది. మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు పిట్టగోడ వైపుకి వెళ్ళను. ఆఫీసు లిఫ్టుకు అద్దాల గోడలుండి కిందికంతా కనపడుతుందని, ఐదో అంతస్తుకి రోజూ మెట్లెక్కేదాన్ని, లావైపోతున్నానని చెప్పి. మగవాళ్ళు ఎక్కువగా ఉన్న ఆ ఆఫీసులో, నా మాట చెల్లాలంటే నాకు ఏ భయమూ ఉన్నట్టు కనపడకూడదని అనుకునేదాన్ని. మా ఆయనకు కూడా చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రానివ్వలేదు. ఆ రోజు మెట్ల దగ్గర అమ్మాయి ఏడుస్తుంటే నాకు ఎంత హాయిగా అనిపించిందో నాకు గుర్తుంది. బజ్జీల రుచి కూడా గుర్తుంది. దాని భయం నిజమా కాదా అని మూడేళ్ళలో ఒక్కసారి కూడా అడగకపోవడానికి కారణం, అడిగితే ఏం తేలుతుందో నాకు లోపల ఎక్కడో తెలిసి ఉండటమే. ఈ పార్కు పట్టికలో కూడా నా చోటు దాని పక్కనే వేసుకున్నాను, చెట్టు నీడలో, సంచుల దగ్గర. దాన్ని చూసి మా ఆయన, "పిల్ల కోసం నువ్వూ ఒక్క ఆటా ఆడవన్నమాట" అని జాలిపడ్డారు. నేను ఆ జాలిని కూడా పుచ్చుకున్నాను.

ఆ రాత్రే సున్నాలు కొట్టేసి పెన్నుతో మూళ్ళు వేశాను. మా ఆయనకు మాత్రం చెప్పలేదు. ఆదివారానికి ఇంకా మూడు రోజులున్నాయి. మూడు రోజులూ రేపు చెబుదాం అనుకుంటూ గడిపాను. పదకొండేళ్ళ పిల్ల మూడేళ్ళుగా మోస్తున్న మాటను తిరిగి తీసుకోవడానికి నాకు నోరు రాలేదు. సిగ్గుగా ఉంది. అంతకంటే పెద్ద కారణం లేదు.

ఆదివారం పొద్దున్నే రెండు బస్సులు మారి పార్కుకు చేరాం. సిస్టర్ గారబ్బాయి నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు, కక్కలేదు. డ్యాషింగ్ కార్లు అయ్యాయి. పట్టిక ప్రకారం తర్వాతది కొలంబస్ ఓడ. పడవ ఆకారంలో ఉండి, ఉయ్యాలలా ఊగుతూ పైపైకి లేస్తుంది. లైన్లో నిలబడి మా ఆయన జేబులోంచి కాగితం తీశారు.

"ఇదేమిటి, దీని వరసలో మూళ్ళు పడ్డాయి? ఇది చూస్తే నీ ఆఫీసులో నీ ఉద్యోగం ఉంచుతారా?" అని నవ్వి, అమ్మాయి తల నిమిరారు. "నువ్వు అమ్మ దగ్గర కూర్చో తల్లీ. తర్వాత బొమ్మరైలు ఎక్కుదువుగాని."

బొమ్మరైల్లో అప్పుడు ఎక్కుతున్నవాళ్ళు మూడు, నాలుగేళ్ళ పిల్లలు. అమ్మాయి ఒక్కసారి నా వైపు చూసింది. నేను మాట్లాడాల్సిన చోటు అది.

"దాని ఇష్టమండీ" అన్నాను.

ఆ మాటతో దానికి ఒరిగిందేమీ లేదు. అది లైన్లోంచి పక్కకు వచ్చి, నా భుజం మీది సంచి కూడా తీసుకుని, సిమెంటు బల్ల మీద కూర్చుంది. "అక్క పిరికిది" అని తమ్ముడు లోపలికి పరుగెత్తాడు. నేను వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది.

ఓడ కదిలింది. అమ్మాయి నోరు కొంచెం తెరుచుకుని చూస్తోంది. ఓడ వెనక్కి లేచినప్పుడు దాని పాదాలు రెండూ నేలను గట్టిగా నొక్కుతున్నాయి, ముందుకు దిగినప్పుడు వదులవుతున్నాయి. ఉయ్యాల ఊగేవాళ్ళు చేసేదే అది. దానికి ఆ సంగతి తెలియదు. ఆట అయ్యేదాకా నేను ఓడను చూడలేదు, ఆ పాదాలనే చూశాను.

ముగ్గురూ దిగివచ్చారు. మావాడు ఇంకోసారి అంటున్నాడు.

"ఒక్క మాట" అన్నాను. "ఆ రోజు ఎగ్జిబిషన్‌లో భయపడింది అది కాదు. నేను. నేను ఎక్కాల్సిన పని లేకుండా చేయడానికి అది ఏడ్చింది."

మా ఆయన నవ్వారు. "సరేలే. పిల్లని అలా వెనకేసుకురాకు. ఇప్పుడు దాన్ని ఎవరేమన్నారు?"

"నిజం చెబుతున్నాను."

"నువ్వు భయపడటమా? నీ ఆఫీసు మొత్తం నీకు భయపడుతుంది."

"అమ్మ అబద్ధం చెప్తోంది" అన్నాడు మావాడు. "అక్కే పిరికిది."

ఇది నేను అనుకోని చిక్కు. చెప్పడమే కష్టం అనుకున్నాను గానీ, చెప్పాక నమ్మరని తోచలేదు. ఇన్నేళ్ళుగా నేను కట్టుకున్న పేరు అంత గట్టిది. అమ్మాయి తల దించుకుని సంచి తాడు ముడి వేస్తోంది. దానికి నేను చెప్పింది తప్పుగా అనిపించిందో ఏమో.

అప్పుడు సిస్టర్ గారబ్బాయి అన్నాడు, "మీరు ఎక్కి చూపియ్యున్రి ఆంటీ. అప్పుడు తెలుస్తది."

ఆఫీసులో నేను రోజూ ఇతరులకు చెప్పే మాటే అది. చెబితే చాలదు, నడిపి చూడాలి. సంచులు మా ఆయనకిచ్చి లైన్లోకి నడిచాను. అమ్మాయి నా వెంట వచ్చింది. "వద్దులేమ్మా" అంది రెండుసార్లు. నేను ఆగకపోయేసరికి, "మధ్య వరసలో కూర్చుందాం. చివర్లకంటే అక్కడ తక్కువ లేస్తుంది" అంది. ఎక్కడ తక్కువ లేస్తుందో అది బల్ల మీద కూర్చునే కనిపెట్టింది.

తర్వాత జరిగింది వివరంగా చెప్పలేను, కళ్ళు మూసుకుని ఉన్నాను గనుక. మొదటి రెండు ఊపులు పళ్ళు బిగించి ఓర్చుకున్నాను. మూడో ఊపులో అరిచాను. మా అమ్మను పిలిచాను, దేవుళ్ళను పిలిచాను, ఆపమని ఎవరెవరినో బతిమాలాను. మా ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారని తర్వాత అమ్మాయి చెప్పింది. దాని భుజంలో మొహం దాచుకుని, రెండు చేతులతో దాన్ని పట్టుకుని ఉన్నాను. అది మాత్రం "అయిపోతోందమ్మా, ఇంకొంచెమే" అని నెమ్మదిగా చెబుతూనే ఉంది. దాని గుండె నా చెవి కింద నిలకడగా కొట్టుకుంటోంది. భయం లేనివాళ్ళ గుండె ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

దిగాక అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. చీర దుమ్ము కొట్టుకుపోయింది. మా ఆయన సంచులు వదిలేసి పరుగున వచ్చి, నా మొహం చూసి ఆగిపోయారు.

"ఇంత భయమా నీకు?"

"చెప్పానుగా."

ఆయన అమ్మాయి వైపు తిరిగారు. "ఇన్నాళ్ళూ నీకు సైకిలన్నా కొనలేదు" అన్నారు. అమ్మాయి భుజాలు ఎగరేసి, "పర్లేదు నాన్నా" అంది. తర్వాత ఉన్నట్టుండి దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు పిరికిది అంటే అస్సలు ఇష్టం లేదు" అంది. మూడేళ్ళలో ఆ మాట మేము వినడం అదే మొదటిసారి. ఆయన దాని జడ సర్దారు.

మావాడు నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "అయితే నువ్వా పిరికిది?"

"నేనే."

"ఇంట్లో కూడానా?"

"ఇంట్లో కూడా."

వాడికి అది మింగుడుపడలేదు. కాసేపటికి ఐస్‌క్రీం సంగతి ఎత్తాడు. మా ఆయన వాణ్ణీ సిస్టర్ గారబ్బాయినీ తీసుకుని అటు వెళ్ళారు. పట్టిక ఆయన జేబులోనే ఉండిపోయింది. ఆ రోజు దాన్ని మళ్ళీ ఎవరూ చూడలేదు.

నేను బల్ల మీదికి చేరి సంచులు ఒళ్ళో పెట్టుకున్నాను. అమ్మాయి నా ముందు నిలబడి ఓడ వైపు, నా వైపు మార్చి మార్చి చూస్తోంది.

"నేను ఇంకోసారి ఎక్కనా? చివరి వరసలో?"

"ఎవరితో?"

"ఒక్కదాన్నే." వెళ్ళబోయి ఆగింది. "నువ్వు ఇక్కడ ఒక్కదానివే ఉండగలవా?"

ఆ ప్రశ్నకు నాకు ఏడుపొచ్చింది. అది మూడేళ్ళుగా లోపల అడుగుతూ వచ్చిన ప్రశ్న అదే అయి ఉంటుంది, ప్రతి చోటా, నా పక్కన కూర్చుని. "ఉంటాను. వెళ్ళు" అన్నాను.

వెళ్ళింది. చివరి వరసలో, అంచున కూర్చుంది. ఓడ లేచినప్పుడల్లా దాని జడలు రెండూ గాల్లోకి లేస్తున్నాయి. అది నా వైపు చూస్తుందేమోనని, పర్లేదన్నట్టు చెయ్యి ఊపడానికి సిద్ధంగా ఉన్నాను. అది నోరంతా తెరిచి అరుస్తోంది, నవ్వుతోంది, ఆకాశంలోకి చూస్తోంది. ఇటు చూడలేదు.

దిగి పరుగెత్తుకొచ్చింది. మొహమంతా ఎర్రబడి ఉంది. ఎలా ఉన్నావని అడగలేదు. నేను తాగబోతున్న మంచినీళ్ళ సీసాను నా చేతిలోంచి లాక్కుంది. తలెత్తి గటగటా తాగింది. నాకు ఒక్క గుక్క కూడా మిగల్చలేదు. ఖాళీ సీసా నా ఒళ్ళో పడేసి, మళ్ళీ లైన్లోకి పరుగెత్తింది.